కృష్ణారావు గారు 11వ చీఫా, 12వ చీఫా, 14వ చీఫా?

పర్లాకిమిడిలో ఉండి అగ్నివీర్ పరీక్షకు చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అతని దగ్గర మూడు గైడ్లు ఉన్నాయట. జనరల్ కె.వి. కృష్ణారావు ఎన్నో ఆర్మీ చీఫ్ అంటే ఒకదాంట్లో 11, ఒకదాంట్లో 12, మూడోదాంట్లో 14 అని ఉందట. మొదటి చీఫ్ ఎవరన్న దగ్గర కూడా అంతే, ఒకరు కరియప్ప అంటారు, ఒకరు రాజేంద్రసింహ్‌జీ అంటారు, ఇంకొకరు ఎవరో తెల్లదొర పేరు రాశారు. "ఏది బట్టీ పట్టాలి సార్, టెన్షన్‌గా ఉంది, కృష్ణారావు గారు కాకుండా మనవాళ్లు ఇంకెవరైనా చీఫ్ అయ్యారా" అని అడిగాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1983లో భర్తీ అయి, 28 ఏళ్లు ఎయిర్ డిఫెన్స్ గన్నుల దగ్గర గడిపి, సుబేదార్‌గా దిగాను. మాది బరంపురం. ఇప్పుడు పొద్దున పిల్లల్ని పరిగెత్తిస్తాను, సాయంత్రం వాళ్లకు జీకే చెప్తాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవడో ఒకడు తెస్తాడు, అందుకే ఈసారి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పరీక్షకు కావలసింది. మూడు గైడ్లూ లెక్క తప్పలేదు, మూడూ వేరే వేరే చోట్ల నుంచి లెక్క మొదలుపెట్టాయి, అంతే. 1947 ఆగస్టు 15 నుంచి లెక్కిస్తే ఇద్దరు ఇంగ్లిష్ దొరలు కూడా వస్తారు కాబట్టి కృష్ణారావు గారు 14వ వారు. 1949 జనవరి 15న కరియప్ప నుంచి లెక్కిస్తే 12. 1955 ఏప్రిల్ 1న పదవికి ఇప్పుడున్న పేరు (చీఫ్ ఆఫ్ ది ఆర్మీ స్టాఫ్) వచ్చింది కదా, అక్కడి నుంచి లెక్కిస్తే 11. మానెక్‌షా విషయంలో కూడా ఇలాగే 10, 8, 7 అని మూడు అంకెలు కనబడతాయి. ఈ మధ్య ప్రభుత్వం ప్రకటనల్లో వాడుతున్నది కరియప్పతో మొదలయ్యే లెక్క. 2024 జూన్ 30న జనరల్ ఉపేంద్ర ద్వివేది బాధ్యతలు తీసుకున్నప్పుడు 30వ చీఫ్ అని ప్రకటించారు, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే కరియప్ప దగ్గర సరిగ్గా 1 వస్తుంది. నువ్వే కాగితం మీద వేసి చూడు. కాబట్టి పరీక్షలో 12 రాయి, మానెక్‌షాకి 8 రాయి.

ఇంతటితో ఆపేయొచ్చు. కానీ ఈ మూడు తేదీలూ ఊరికే వచ్చినవి కావు. ఒక్కో తేదీ దగ్గర ఆ కుర్చీ అధికారం కొంత తగ్గింది, లేదా చేతులు మారింది. అది అర్థమైతే పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు, వాటంతటవే వరసలో పడతాయి.

ఇంగ్లిష్ వాళ్ల కాలం నుంచి మొదలుపెడదాం. వాళ్లకు మొదట్లో ఒక సైన్యం లేదు, బెంగాల్, మద్రాసు, బొంబాయి అని మూడు సైన్యాలు, మూడింటికీ వేరే వేరే కమాండర్ ఇన్ చీఫ్‌లు. బెంగాల్ వాడు పెద్దన్న లాంటివాడు. మన గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఇక్కడి వాళ్లు మద్రాసు సైన్యంలో చేరేవాళ్లు. ఈ మూడింటినీ కలిపి ఒక్కటి చేసింది 1895 ఏప్రిల్ 1న. ఏప్రిల్ 1 గుర్తుపెట్టుకో, ఇది మళ్లీ వస్తుంది. ఒడిశాలో చదివే పిల్లలకు ఆ తేదీ మరిచిపోయే వీలు లేదు కదా, 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిసింది, ఉత్కళ దినోత్సవం అని స్కూల్లో మిఠాయి పంచుతారు.

మద్రాసు సైన్యం మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పాలి, గైడ్లలో ఉండదు. ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, తర్వాత 1893 దాకా మొత్తం ఇండియాకి కమాండర్ ఇన్ చీఫ్. దక్షిణాది వాళ్లు మెత్తబడిపోయారు, యుద్ధానికి పనికొచ్చేది పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు లాంటి జాతులే అన్నది ఆయన గట్టి నమ్మకం. దీన్నే యుద్ధజాతుల సిద్ధాంతం అంటారు. ఆ నమ్మకం భర్తీ కాగితాల్లోకి ఎక్కింది, మద్రాసు పటాలాలు ఒకటొకటిగా తగ్గిపోయాయి, అందులో పెద్ద దెబ్బ తిన్నది తెలుగువాళ్లు. క్లైవ్ రోజుల నుంచి కంపెనీ యుద్ధాలెన్నిట్లోనో సిపాయిలుగా చేసినవాళ్ల మనవళ్లు ఒక్కసారిగా పనికిరాని వాళ్లయిపోయారు. "మన వైపు ఫౌజీ కుటుంబాలు ఎందుకు తక్కువ సార్" అని పిల్లలు అడుగుతుంటారు. కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఒక కమాండర్ ఇన్ చీఫ్ అభిప్రాయం కూడా అందులో ఒకటి అని నేను చెప్తాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడి అభిప్రాయం ఎంత దూరం పోతుందో చూడు.

ఆ కుర్చీ ఎంత పెద్దదో ఇంకో ఉదాహరణ. 1902లో కిచెనర్ వచ్చాడు. అప్పటికి వైస్రాయ్ కౌన్సిల్లో సైనిక వ్యవహారాలకు ఇంకో సభ్యుడు ఉండేవాడు, కమాండర్ ఇన్ చీఫ్ పంపిన ప్రతి కాగితం ఆయన చేతి మీదుగా పోవాలి. కిచెనర్‌కి అది నచ్చలేదు, నా పైన ఇంకొకడి చూపు ఎందుకన్నాడు. వైస్రాయ్ కర్జన్ ఒప్పుకోలేదు. పంచాయితీ లండన్ దాకా పోయింది, లండన్ కిచెనర్ వైపు మొగ్గింది, 1905లో కర్జన్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. వైస్రాయ్‌నే దించిన సేనాధిపతి అన్నమాట. ఆ తర్వాత నుంచి కమాండర్ ఇన్ చీఫ్ అంటే సైన్యాన్ని నడిపేవాడూ ఆయనే, దేశ రక్షణ శాఖ చూసే మంత్రిలాంటివాడూ ఆయనే. ఢిల్లీలో పలుకుబడిలో వైస్రాయ్ తర్వాత ఆయనే. ఢిల్లీలో ఆయన కోసం 1930 ప్రాంతంలో కట్టిన ఇల్లే ఇప్పటి తీన్‌మూర్తి భవన్. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఆ ఇంట్లోకి ఎవరు దిగారో తెలుసు కదా? ప్రధాని నెహ్రూ. ఎవరూ ప్రసంగాలు చెయ్యలేదు, ఇల్లు మారింది, అందరికీ అర్థమైంది.

నిజానికి మార్పు అంతకు కొంచెం ముందే మొదలైంది. 1946 సెప్టెంబర్‌లో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడు రక్షణ శాఖ బల్‌దేవ్ సింగ్ చేతికి వచ్చింది. అంటే యూనిఫాం లేని మనిషి చేతికి.

ఇక 1947 ఆగస్టు 15. అప్పటిదాకా మొత్తం ఇండియాకి కమాండర్ ఇన్ చీఫ్ ఫీల్డ్ మార్షల్ ఆకిన్‌లెక్. ఆ రోజు నుంచి ఆయన్ను సుప్రీం కమాండర్ అని పేరు మార్చి, రెండు దేశాల మధ్య సైన్యం పంపకాలు చూసే పనిలో పెట్టారు. నవంబర్ చివరికి ఆ ఆఫీసే మూసేశారు. భారత సైన్యానికి జనరల్ రాబ్ లాక్‌హార్ట్ వచ్చాడు, నీ మూడో గైడ్‌లో ఉన్న తెల్లదొర ఈయనే. ఆ సంవత్సరం ఆఖరు దాకా ఉన్నాడు. 1948 జనవరి 1 నుంచి రాయ్ బుచర్. ఇక్కడ ఒక విషయం గమనించు, ఇంతకు ముందు ఒక్కడే మూడు దళాలకూ పెద్ద, ఇప్పుడు సైన్యానికి ఒకడు, నౌకాదళానికి ఒకడు, వైమానిక దళానికి ఒకడు. మొదటి కోత అదే.

కశ్మీర్‌లో యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో చిత్రం ఏమిటంటే, ఇటువైపు సేనాధిపతీ ఇంగ్లిష్ వాడే, అటువైపు పాకిస్తాన్ సేనాధిపతీ ఇంగ్లిష్ వాడే. ముందు మెసర్వీ, తర్వాత గ్రేసీ. పిల్లలకు ఇది చెప్తే నమ్మరు.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన హైదరాబాద్ పోలీస్ చర్య కూడా ఈ బుచర్ కాలంలోనే, 1948 సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో అయిపోయింది. పేరుకు పైన ఇంగ్లిష్ దొర ఉన్నా, పని నడిపింది మనవాళ్లు. సదరన్ కమాండ్ అధిపతి రాజేంద్రసింహ్‌జీ, సోలాపూర్ నుంచి ట్యాంకులతో బయలుదేరింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. సెప్టెంబర్ 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగింది చౌధురి ముందే, ఆ తర్వాత 1949 ఆఖరు దాకా హైదరాబాద్‌కి మిలిటరీ గవర్నర్ ఆయనే. వీళ్లిద్దరూ తర్వాత చీఫ్‌లయ్యారు. మా యూనిట్లో సోలాపూర్ నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు ఒకడుండేవాడు, పద్మశాలీల పిల్లాడు, ఆ బండ్లు వెళ్లడం మా తాత చూశాడని చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ట్యాంకుల సంఖ్య పెరిగేది.

1949 జనవరి 15. కె.ఎం. కరియప్ప, కొడగు మనిషి, బుచర్ నుంచి బాధ్యతలు తీసుకున్నారు. మొదటి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్. ప్రతి ఏటా జనవరి 15న ఆర్మీ డే చేసేది అందుకే. సంక్రాంతి, కనుమ పక్కనే పడుతుంది కాబట్టి మన పిల్లలు ఈ తేదీ మరిచిపోరు, నేను మాత్రం సర్వీసులో ఉన్నన్నాళ్లూ సంక్రాంతికి లీవు దొరక్క, జనవరి 15న బడా ఖానాలో (యూనిట్ అంతా కలిసి తినే విందు) పూరీ తింటూ ఇంట్లో అరిసెలు తలుచుకున్నవాణ్ని. పక్క దళాలతో పోలిస్తే సైన్యం తొందరగా మన చేతికి వచ్చింది. వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ 1954 ఏప్రిల్ 1న (చూశావా, మళ్లీ అదే తేదీ), నౌకాదళానికి రామదాస్ కటారి 1958లో. ఓడలు నడిపే పెద్ద అనుభవం మనవాళ్లకు అంత త్వరగా రాలేదు, అది కారణం.

కరియప్ప నాలుగేళ్లు చేశారు. సైన్యం రాజకీయాలకు దూరంగా ఉండాలని ఆయన జవాన్లకు పదే పదే చెప్పేవారు. 1965 యుద్ధంలో ఆయన కొడుకు, వైమానిక దళం పైలట్, పాకిస్తాన్‌కి చిక్కాడు. అయూబ్ ఖాన్ ఒకప్పుడు కరియప్ప కింద పనిచేసినవాడు, పిల్లాణ్ని వదిలేస్తానని కబురు పెడితే, బందీలందరూ నా పిల్లలే, అందరితోపాటే పంపండి అన్నారాయన. ఫీల్డ్ మార్షల్ హోదా మాత్రం 1986లో వచ్చింది, రిటైర్ అయిన 33 ఏళ్లకు. సైన్యంలో ఆ హోదా ఇద్దరికే ఉంది, ఆయనకూ మానెక్‌షాకూ. పరీక్షలో "మొదటి ఫీల్డ్ మార్షల్" అని అడిగితే కరియప్ప అని రాసేస్తారు సగం మంది. కాదు, మానెక్‌షా. 1973 జనవరిలో.

కరియప్ప తర్వాత 1953 జనవరిలో రాజేంద్రసింహ్‌జీ. ఈయన దగ్గరే నీ మొదటి గైడ్ చిక్కు ఉంది. ఆయన కమాండర్ ఇన్ చీఫ్‌గా కుర్చీలో కూర్చున్నారు, చీఫ్ ఆఫ్ ది ఆర్మీ స్టాఫ్‌గా లేచారు. పార్లమెంటు చట్టం చేసి 1955 ఏప్రిల్ 1 నుంచి మూడు దళాల్లోనూ కమాండర్ ఇన్ చీఫ్ అన్న పేరు తీసేసింది. రాజ్యాంగం ప్రకారం సర్వ సేనాధిపత్యం రాష్ట్రపతిది, మరి అదే మాట ఒక జనరల్ పేరు ముందు ఎందుకుండాలి అన్నది వాదన. కాబట్టి ఆఖరి కమాండర్ ఇన్ చీఫ్ ఆయనే, కొత్త పేరుతో మొదటి చీఫ్ కూడా ఆయనే. 11 అని రాసిన గైడ్ వాడు ఇక్కడ నుంచి మొదలుపెట్టాడు.

పేరు మారితే ఏమవుతుంది, జీతం అదే, జెండా కారు అదే అనుకోవచ్చు. పక్క దేశం వైపు చూడు. పాకిస్తాన్‌లో మొదటి సొంత కమాండర్ ఇన్ చీఫ్ అయూబ్ ఖాన్, 1951లో. 1958లో ఆయనే దేశాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ ఆ పేరు తీసేసి చీఫ్ ఆఫ్ ది ఆర్మీ స్టాఫ్ అని పెట్టింది 1972లో, అదీ దేశం రెండు ముక్కలయ్యాక. పేరు మార్చిన తర్వాత కూడా అక్కడ జియా వచ్చాడు, ముషారఫ్ వచ్చాడు కాబట్టి పేరొక్కటే కాపాడుతుందని నేను అనను. కానీ మన దగ్గర ఇల్లు, మంత్రిత్వం, మూడు దళాల పెత్తనం, ఆఖరికి పేరు, ఇవన్నీ ఎనిమిదేళ్లలో ఒకటొకటిగా, గొడవ లేకుండా తీసేశారు. దానికి కరియప్ప, రాజేంద్రసింహ్‌జీ లాంటివాళ్లు మూతి ముడుచుకోకుండా ఒప్పుకోవడం కూడా చిన్న సంగతి కాదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, మనవాళ్లు. 1955 మేలో వచ్చిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ హైదరాబాద్ కుటుంబం. పుట్టింది కొల్హాపూర్‌లో, తండ్రి నిజాం దగ్గర వైద్యుడు. రిటైర్ అయ్యాక హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపల్‌గా చేశారు, 1962 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్. ఈయన్ను మనవాళ్లు దాదాపు మరిచిపోయారు, గైడ్లలో పేరు ఒక్క లైన్. తెలుగు చీఫ్ అంటే అందరికీ గుర్తొచ్చేది కృష్ణారావు గారే. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

శ్రీనగేశ్ తర్వాత తిమ్మయ్య. ఇక్కడ కాస్త ఆగాలి. ఈయన కూడా కొడగే, జోజీ లా కనుమ దగ్గర అంత ఎత్తుకు ట్యాంకులు ఎక్కించి శత్రువుకు మతి పోగొట్టిన మనిషి, జవాన్లకు దేవుడు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడలేదు. పదోన్నతుల దగ్గర, ముఖ్యంగా బి.ఎం. కౌల్ అనే అధికారి విషయంలో, తన మాట పక్కన పెడుతున్నారని 1959 ఆగస్టు 31న రాజీనామా ఇచ్చారు. నెహ్రూ పిలిచి బుజ్జగిస్తే వెనక్కి తీసుకున్నారు. రాజీనామా ఇచ్చిన రెండు రోజులకే నెహ్రూ పార్లమెంటులో ఆయన్నే తప్పుపట్టారు. నా మటుకు నాకు, ఇచ్చి ఉండకూడదు, ఇచ్చాక వెనక్కి తీసుకోకూడదు అనిపిస్తుంది. అప్పటి నుంచి ఆయన మాటకు బరువు తగ్గింది. తన తర్వాత జనరల్ థోరాట్‌ను చీఫ్ చెయ్యమన్నారు, ప్రభుత్వం 1961 మేలో థాపర్‌ను చేసింది. పదిహేడు నెలలకు చైనా వచ్చిపడింది. థాపర్ 1962 నవంబర్‌లో రాజీనామా చేశారు, హైదరాబాద్ చౌధురి ఆ కుర్చీలోకి వచ్చి 1965 యుద్ధం నడిపారు.

కుమారమంగళం గురించి ఒక్క మాట, రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుకు బందీగా చిక్కి బతికి వచ్చిన గన్నర్. ఆర్టిలరీ వాళ్లకు ఆయనంటే అభిమానం, నేనూ ఆర్టిలరీలో మొదలైనవాణ్నే కాబట్టి చెప్తున్నాను.

మానెక్‌షా గురించి అందరికీ తెలుసు, ఎక్కువ రాయను. 1971 ఏప్రిల్‌లో యుద్ధానికి వెళ్లమంటే ఇప్పుడు కాదు, వర్షాలు వస్తే తూర్పు బెంగాల్ చెరువైపోతుంది, చలికాలం దాకా ఆగితే మంచుకు హిమాలయాల దారులు మూసుకుని చైనా కదల్లేదు అని ప్రధాని ఇందిరా గాంధీ ముందు చెప్పానని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పారు. యుద్ధం డిసెంబర్‌లో జరిగింది, 13 రోజుల్లో ముగిసింది. ప్రధానికి కాదు అని చెప్పి కూడా కుర్చీలో ఉండొచ్చని చూపించింది ఆయన. తిమ్మయ్యకు కుదరనిది ఈయనకు కుదిరింది. మనిషి తేడానా, పైనున్నవాళ్ల తేడానా అంటే రెండూ అంటాను.

ఆ యుద్ధంలోనే సిల్హెట్ వైపు 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపింది మేజర్ జనరల్ కృష్ణారావు. 1923లో విజయవాడలో పుట్టి, 1942లో మహర్ రెజిమెంట్‌లో కమిషన్ తీసుకున్నారు. ఇది కూడా గమనించదగ్గదే, యుద్ధజాతుల లెక్కలో చోటు దొరకక ఒకప్పుడు భర్తీ ఆపేసిన మహర్‌ల పేరు మీద యుద్ధం అవసరానికి మళ్లీ లేపిన రెజిమెంట్, అదే లెక్కలో పక్కకు పోయిన తెలుగువాడు అందులో అధికారి. రాబర్ట్స్ దొర చూసి ఉంటే బాగుండేది. 1975లో సైన్యాన్ని రాబోయే ఇరవై ఏళ్లకు ఎలా మార్చాలో చెప్పడానికి ఆయన అధ్యక్షతన కమిటీ వేశారు, అందులో ఒక సభ్యుడు సుందర్‌జీ. కాలినడక పటాలాలు కొన్ని బీఎంపీ బండ్లు (సైనికులను మోసే కవచ వాహనాలు) ఎక్కాయంటే దాని వెనక ఈ ఆలోచనలే. 1981 జూన్ 1 నుంచి 1983 జూలై 31 దాకా చీఫ్. తర్వాత నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, జమ్మూ కశ్మీర్ రాష్ట్రాలకు గవర్నర్. 2016 జనవరిలో పోయారు.

నేను భర్తీ అయి నాసిక్ రోడ్ క్యాంపులో రంగరూట్‌గా (శిక్షణలో ఉన్న కొత్త సిపాయిగా) ఉన్నప్పుడు చీఫ్ ఆయనే. రంగరూట్‌కి గన్ను కంటే ముందు నేర్పేది పేర్లు, రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్, రక్షణ మంత్రి వెంకట్రామన్, చీఫ్ సాబ్ జనరల్ కృష్ణారావు, అక్కడ నుంచి కిందకు మనకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ దాకా. నాకు హిందీ అంతంతమాత్రం, ఒడియా తెలుగు కలిపి కొట్టేవాణ్ని, రోజూ శిక్షగా ఫ్రంట్ రోల్స్ (పల్టీలు) తినేవాణ్ని. ఒకరోజు ఉస్తాద్ "ఏ మద్రాసీ, తేరా బోలీ క్యా" (నీ భాష ఏంటి) అంటే చీఫ్ సాబ్‌ది ఏ బోలీయో అదే ఉస్తాద్ అన్నాను. ఒక్క క్షణం ఆగి, ఇంకో పది రోల్స్ ఇచ్చాడు. కానీ ఆ తర్వాత మద్రాసీ అని పిలవలేదు. ఆగస్టులో గోడ మీద ఫోటో మారింది, వైద్య గారు వచ్చారు, మేం పేరు మళ్లీ బట్టీ పట్టాం.

ఆ మార్పు దగ్గర కూడా కథ ఉంది. వరసలో పెద్ద లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హా. ఆయన్ను దాటి అరుణ్ శ్రీధర్ వైద్యను చేశారు, సిన్హా రాజీనామా చేసి వెళ్లిపోయారు. అంతకు ముందు 1974లో బేవూర్‌కి ఏడాది పొడిగింపు ఇవ్వడంతో విక్టోరియా క్రాస్ వీరుడు ప్రేమేంద్ర సింగ్ భగత్ చీఫ్ కాకుండానే రిటైర్ అయ్యారు. 2016లో బిపిన్ రావత్‌ను ఇద్దరు సీనియర్లను దాటి తెచ్చారు. ఎవరిని చెయ్యాలన్నది ప్రభుత్వం హక్కే, సీనియారిటీ ఆనవాయితీ మాత్రమే, చట్టం కాదు. కానీ పలానా తేదీన పలానావాడు రిటైర్ అవుతాడు కాబట్టి పలానావాడికి వస్తుంది అని పదేళ్ల ముందే లెక్కలు కట్టేవాళ్లు ప్రతి ఆఫీసర్ మెస్‌లోనూ ఉంటారు. పదవి మూడేళ్లు, లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. అందుకే 2012లో వి.కె. సింగ్ పుట్టిన సంవత్సరం 1950నా 1951నా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒకే ఆర్మీలో రెండు శాఖల రికార్డుల్లో రెండు సంవత్సరాలు. కోర్టులో కేసు వెనక్కి తీసుకుని ఆ మేలోనే రిటైర్ అయ్యారు. కాబట్టి తమ్ముడూ, నీ టెన్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటేనా కాదా ఇవాళే చూసుకో, జనరల్‌కే తప్పలేదు.

వైద్య గారు రెండుసార్లు మహావీర చక్ర తీసుకున్న మనిషి, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలోకి సైన్యం వెళ్లిన బ్లూ స్టార్ ఆయన కాలంలోనే. రిటైరై పూణేలో ఉండగా 1986 ఆగస్టులో కాల్చి చంపారు. సుందర్‌జీని నేను కళ్లారా చూశాను, 1987 మొదట్లో రాజస్థాన్‌లో, బ్రాస్‌టాక్స్ అని ఆయన నడిపిన పెద్ద విన్యాసాల్లో. చీఫ్ సాబ్ వస్తున్నాడంటే మిగతా కంటోన్మెంట్లలో చెట్లకు గేరు (ఎర్రమట్టి రంగు), సున్నం పూయడమే పని, ఎడారిలో చెట్లు లేవు కాబట్టి రాళ్లకు పూశాం. ఆయన హెలికాప్టర్ దిగి మా ఎల్-70 గన్ను దాటి నడుచుకుంటూ వెళ్లాడు, సున్నం రాళ్ల వైపు చూడనైనా లేదు. ఆ ఏడాదే మనవాళ్లు శ్రీలంక వెళ్లారు. దాని గురించి నా అభిప్రాయం వేరే రోజు.

తర్వాతి వాళ్లను త్వరగా చెప్పేస్తాను. వి.ఎన్. శర్మ, మొదటి పరమవీర చక్ర మేజర్ సోమ్‌నాథ్ శర్మ తమ్ముడు. రోడ్రిగ్స్. బి.సి. జోషి, 1994 నవంబర్‌లో పదవిలో ఉండగానే గుండెపోటుతో పోయారు. శంకర్ రాయ్‌చౌధురి. కార్గిల్ అప్పుడు వి.పి. మాలిక్. పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యం పది నెలలు సరిహద్దులో నిలబడినప్పుడు పద్మనాభన్, ఆ పది నెలలూ నేను అక్కడే ఉన్నాను. విజ్, మొదటి సిక్కు చీఫ్ జె.జె. సింగ్, దీపక్ కపూర్, వి.కె. సింగ్, బిక్రమ్ సింగ్, దల్బీర్ సింగ్ సుహాగ్, రావత్, నరవణె. 2022లో వచ్చిన మనోజ్ పాండే ఇంజనీర్స్ నుంచి మొదటివారు, పరీక్షలో ఇది తరచూ అడుగుతారు.

ఇంకొక తికమక, సీడీఎస్. 2020 జనవరి 1న రావత్ మొదటి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ అయ్యారు, 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఇది పాత కమాండర్ ఇన్ చీఫ్ తిరిగి రావడమే కదా సార్ అని అడుగుతారు పిల్లలు. కాదు. సీడీఎస్ ప్రభుత్వానికి మూడు దళాల తరఫున సలహాదారు, మూడింటినీ కలిపి నడిపించే పనులు చూస్తాడు. ముగ్గురు చీఫ్‌లకూ యుద్ధంలో హుకుం ఇచ్చే అధికారం మాత్రం ఆ పదవితో రాలేదు. 1947లో విడదీసిన మూడు కుర్చీలు ఇంకా మూడుగానే ఉన్నాయి.

ఎయిర్ డిఫెన్స్ శిక్షణ కేంద్రం ఉన్న మా గోపాల్‌పూర్ వాళ్ల కోరిక ఒకటుంది, ఎయిర్ డిఫెన్స్ నుంచి ఒక చీఫ్ రావాలని. 1994లో ఆర్టిలరీ నుంచి విడిపోయి సొంత కోర్ అయింది, ఇంకా ఎవరూ రాలేదు. నువ్వు సిపాయిగా వెళ్లి చీఫ్ అవ్వలేవు అనుకోకు, ఏసీసీ (ఆర్మీ క్యాడెట్ కాలేజీ) పరీక్ష రాసి సిపాయి నుంచి ఆఫీసర్ అయినవాళ్లు చాలామంది, కానీ వయసు ముందే చూసుకుని రాయాలి, అది అడిగితే వేరేగా చెప్తాను.

ఇప్పటికి నువ్వు చెయ్యాల్సింది, 11 ఉన్న గైడ్ పక్కన పెన్సిల్‌తో "రాజేంద్రసింహ్‌జీ నుంచి" అని, 14 ఉన్నదాని పక్కన "లాక్‌హార్ట్ నుంచి" అని రాసుకో. ఇంకో గైడ్ కొనకు.